నడి గంగలో ఆగిపోయే పడవ

కలకత్తా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ అవే ప్రశ్నలు వేస్తున్నారు. విక్టోరియా మహలు చూశావా, జూ చూశావా, రసగుల్లాలు తెచ్చావా? విక్టోరియా మహలు బస్సు కిటికీలోంచి కనిపించింది, తెల్లగా ఉంది. జూ గోడ చూశాను. రసగుల్లాల డబ్బా ఖరగ్‌పూరు కూడా దాటకముందే కారిపోయి నా రెండు పట్టుచీరలకూ పాకం పట్టించింది. ఇవి పోగా, ఆ మహానగరంలో నేను చూసిందల్లా ఒక పడవ ఇంజిను. దాని సంగతే రాస్తాను. మహలు సంగతి కావలసినవాళ్ళు గోడ క్యాలెండరు చూసుకోండి.

మా మరిది సూరిబాబు పదహారేళ్ళ వయసులో ఖిదిర్‌పూర్ రేవుకి కూలీగా వెళ్ళాడు. ఇంజిన్లకి నూనె పోస్తూ పోస్తూ మెకానిజం నేర్చుకుని, చివరికి ఒక పాత చెక్క పడవ కొన్నాడు. కడుపులో డీజిలింజను బిగించిన పడవ. అది చేసే చప్పుడును బట్టి అక్కడివాళ్ళు దాన్ని భట్‌భటి అంటారు. రేవు కూలీలను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరవేసేవాడు. కామెర్లొచ్చి వేసవి మొదట్లో పోయాడు. మా ఆయన కర్మకు వెళ్ళి, తల్లినీ తమ్ముడి పెళ్ళాన్నీ విజయనగరం తీసుకొస్తానని చెప్పి, ఉత్త చేతుల్తో తిరిగొచ్చారు. రమ్మని రెండోసారి అడగడం ఆయన వల్ల కాదు. అందుకని, సెలవులివ్వగానే, నోరున్న నేను బయల్దేరాను.

రైల్లో

పలాసలో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. భర్త లిలువాలో రైల్వే వర్క్‌షాపు మనిషి. కూర్చుంటూనే మరమరాల సంచీ విప్పి, అందులో పచ్చి ఆవనూనె పోసి, ఉల్లిపాయలు తరిగి వేసి, నా ఒళ్ళో ఒక కాగితం పొట్లం పెట్టింది. ఆ నూనె ఘాటుకి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"మొదట అలగే ఉంటాది. నాలుగు దినాలకి మన నూనె సప్పగా ఉంటాది," అంది.

నేను పోతున్న పని విన్నాక ఇంకో ఉల్లిపాయ తరుగుతూ, "రారమ్మా," అంది. "మా అత్తగారిని మేవూ పిలిసినాం, ఇలగే. ఆ ఊరు గబ్బు గబ్బే, గానీ ఒగ్గదు. మా పిల్లల్ని సూడండి, తెలుగు మాటాడతారు, రాయమంటే దండం పెడతారు. ఇంకెక్కడికొస్తాం?"

నేను ఇంటరు పిల్లలకు తర్కశాస్త్రం చెప్పేదాన్ని. ఎంత గట్టి మొండితనానికైనా ఒక జవాబుంటుందని నా నమ్మకం. ఆవిడతో బరంపురం దాకా వాదించాను. ఆవిడ నాకు మరిన్ని మరమరాలు పెట్టింది.

ఏక్‌బాల్‌పూర్ సందు

వాళ్ళుండేది రెండు గదుల రేకుల ఇల్లు. సందులో ఒక వరసంతా మన శ్రీకాకుళం వాళ్ళు, ఎదుటి వరస బీహారీలు, మలుపులో బెంగాలీలు. గోడ కనిపిస్తే చాలు, ఎర్ర రంగుతో సుత్తీ కొడవలీ. సాయంత్రం కరెంటు పోతే ఎవరూ అయ్యో అనరు, విసనకర్ర తీసుకుని వీధిలోకొచ్చి కూర్చుంటారు. మా విజయనగరంలో అయితే ఈపాటికి కరెంటాఫీసుకి నలుగురు బయల్దేరేవాళ్ళు. ఇక్కడ గవర్నమెంటు ఆ ఎర్రజెండా వాళ్ళదే కాబట్టి తిట్టడానికి మొహమాటమేమో అన్నాను. పక్కింటి బెంగాలీ ఆవిడకి కోపమొచ్చింది. అయినా మర్నాడు పొద్దున్నే పచ్చి అరటికాయలూ పచ్చిబియ్యమూ తెచ్చి మా తోటికోడలు పైడితల్లి ముందు పెట్టింది. వాళ్ళలో మొగుడు పోయిన మనిషి చేప ముట్టదట. చేప ముక్క లేందే ముద్ద దిగని ఊళ్ళో అది! ఆడది పోతే మొగుడు ఏ చేప మానేస్తాడని అడిగాను. ఆవిడ నవ్వేసింది. పైడితల్లి అరటికాయలు తీసుకుని దండం పెట్టి, ఆవిడ వెళ్ళాక మా అత్తగారికి చేపల పులుసు వడ్డించి, తనూ వేసుకుంది.

"మా రేవులో అందరం తింటాం అక్కా. ఆవిడ మనసు నొప్పించడం ఎందుకని తీసుకుంటన్నాను," అంది.

ఆ రోజే మాట ఎత్తాను. ఇద్దరూ రండి, ఇల్లుంది, ఇక్కడేముంది అని.

మా అత్తగారు విసనకర్ర ఆపకుండానే, "నానొచ్చి ఏటి సేస్తానే అక్కడ?" అంది. "నువ్వు కాలేజీకెల్తావు, ఆడు ఆపీసుకెల్తాడు. నాను గోడల్తో మాటాడాలేటి? ఇక్కడైతే సందు నిండా మనుసులు."

"మాట్లాడడానికి నేను లేనా అత్తా?"

"నువ్వు మాటాడవే. వాదిస్తావు."

పైడితల్లి మాట వేరు. పడవకి ఘాట్‌లో ఒక వంతుంది, పాలా అంటారు. ఫలానా వేళకి ఫలానా పడవే కదలాలని ఘాట్ కమిటీ రాసిపెట్టిన వరస. అది ఉన్నన్నాళ్ళూ పడవ వాళ్ళకి కూడు. అయితే పెద్దకర్మ అయ్యాక పడవ తీస్తే, అది నడి గంగలో ఆగిపోవడం మొదలుపెట్టింది. జనాన్ని వేరే పడవ తాడు కట్టి లాక్కొచ్చింది, ఒకసారి కాదు. ఆదివారం నిండా మనుషుల్ని ఎక్కించి ఆగకుండా ఆ ఒడ్డుకెళ్ళి తిరిగొస్తే సరే, లేకపోతే పాలా ఇంకొకరికి ఇచ్చేస్తామంది కమిటీ.

"ఆదివారం పడవ నడిసిందా, నానిక్కడే," అంది పైడితల్లి. "నడవలేదా, ఎవులికో ఇచ్చేసి అత్తనట్టుకుని నీ ఎనకాల వచ్చేస్తాను. మల్లీ మాట్లాడకక్కా. ఎందుకీ ఝామేలా, ఈ తగువు!"

ఇంతకన్నా న్యాయమైన బేరం ఉండదు. ఒప్పుకున్నాను. ఆ క్షణం నుంచీ ఆ ఇంజిను నడవకూడదని కోరుకోవడం నా పనైంది.

ఘాట్ దగ్గర

నిమాయ్‌ది ఖిదిర్‌పూరే. సూరిబాబుకి జతగాడు. ఇప్పుడు పడవ తోలేదీ, బాగుచేసేదీ అతనే. మన కూలీలతో తిరిగి తిరిగి తెలుగొచ్చింది, కానీ దానికి ఎముకలుండవు. పైడితల్లిని బౌదీ అంటాడు, అంటే వదిన. నన్ను దీదీ అన్నాడు.

"దీదీ, మీరు చదువు మనిషి. ఇంజిన్ చదువు వేరే. మీరు చా తాగండి, చూడండి," అని నా చేతిలో మట్టి పిడతతో టీ పెట్టించాడు. పిడత తాగేసి నేలకేసి పగలగొట్టాలట. అర్ధ రూపాయి టీకి ఒక కుండ పగలగొట్టడం నాకు చేతకాక సంచీలో వేసుకున్నాను. ఘాట్ ఘాటంతా నవ్వింది.

ముగ్గురం పడవెక్కాం. హ్యాండిల్ తిప్పగానే ఇంజిను అందుకుంది. దడదడమంటూ పడవ వెన్నెముక అదిరింది. నాకు నిరాశ కలిగింది. నది అక్కడ మన గోస్తనిలాంటిది కాదు, ఓడలు తిరిగే నీళ్ళు, రంగు మట్టిది. సగం దూరం పోయేసరికి చప్పుడు మారింది. మొదట బరువెక్కింది, తర్వాత ఎక్కిళ్ళు పట్టినట్టు తెగి తెగి కొట్టుకుంది, తర్వాత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నీళ్ళు పడవ పక్కన గులగులలాడటం వినిపించింది. పైడితల్లి పడవ పలక మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఇంజిను వంక కాదు, ఒడ్డు వంక చూస్తూంది.

నిమాయ్ డీజిల్ ట్యాంకు మూత తిప్పి తీసి పుల్ల ముంచి చూశాడు. నూనె ఉంది. వడపోత డబ్బా విప్పి కడిగాడు. నట్లు వదులుచేసి లోపలి గాలి బుడగలు పోయేదాకా చేత్తో పంపు కొట్టాడు. మళ్ళీ హ్యాండిల్ తిప్పాడు. నడిచింది! ఒడ్డుదాకా వచ్చాం.

"ఫిల్టర్!" అన్నాడు, ఎన్నికల్లో గెలిచినవాడిలా.

మర్నాడు మళ్ళీ నడి నీళ్ళలో ఆగింది. ఈసారి మూత తీసి పుల్ల ముంచి, గొట్టం మార్చాడు. నడిచింది. "పైపులో చిల్లు!" అన్నాడు. సాయంత్రం మళ్ళీ ఆగింది. పుల్ల ముంచాడు, పంపు విప్పి బిగించాడు. నడిచింది. "పంపు!"

పక్క పడవల వాళ్ళు మేము కనిపిస్తే చాలు కేకలు. "ఓ నిమాయ్, తెడ్లు కావాలా? మా దగ్గరున్నాయి, వడ్డీ లేకుండా ఇస్తాం!" నిమాయ్ పిడికిలెత్తి వాళ్ళ వంశాలన్నిటినీ పలకరించాడు. పైడితల్లి తలొంచుకుంది.

నేను గెలుస్తున్నాను. అయినా ఆ సాయంత్రం సందులో కూర్చుని అరటిపండు సగం తిని పక్కన పెట్టేశాను. పైడితల్లి వాకిట్లో కూర్చుని టిక్కెట్ల సంచీని సబ్బుతో ఉతికి దండెం మీద ఆరేస్తూంది. రేపు వాడడానికన్నట్టు.

బంద్ రోజు

శనివారం బంద్. ఎందుకని ముగ్గుర్ని అడిగితే మూడు కారణాలు చెప్పారు. బస్సులు లేవు, కొట్లు లేవు, నడిరోడ్డు మీద కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. బంద్ అంటే మా ఊళ్ళో రాళ్ళు, ఇక్కడ పండగ. రేవు కూడా మూసేశారు, కాబట్టి పడవ నీళ్ళలోకి తీసుకెళ్ళకూడదు. ఒడ్డునే తాడుతో కట్టి ఇంజిను తిప్పి చూస్తానన్నాడు నిమాయ్. చివరి రోజని మేము బయల్దేరుతుంటే, మా అత్తగారు చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"నానూ వస్తాను," అంది.

కొడుకుని సాగనంపాక ఆవిడ ఘాట్‌కి రావడం అదే మొదలు. పడవ అంచు తడిమి, ఎక్కి, వెనక చివర ఒదిగి కూర్చుంది.

ఇంజిను తిప్పారు. తాడు తెగేలా లాగింది పడవ. కాసేపటికి అదే బరువు, అవే ఎక్కిళ్ళు, అదే చావు. నిమాయ్ పానా తీసుకుని వడపోత వైపు వంగాడు.

"ఆగు," అన్నాను. "దేన్నీ విప్పకు. ఒక్క మూత తియ్యి."

"నూనె ఉంది దీదీ. పొద్దున్నే పోసినాను."

"ఉందని నాకూ తెలుసు. నువ్వు మొదట ఫిల్టర్ అన్నావు, నడిచింది. గొట్టం అన్నావు, నడిచింది. పంపన్నావు, నడిచింది. ఒకేలా ఆగే ఇంజినుకి మూడుసార్లకీ మూడు వేరే రోగాలెలా ఉంటాయి? మూడుసార్లూ నువ్వు తప్పకుండా చేసిన పని ఒక్కటే. మూత తీసి పుల్ల ముంచావు."

"పుల్ల ముంచితే ఇంజిన్ బాగవుతుందా? మంత్రం పుల్లా?"

"నన్నడక్కు. తీసి చూడు."

మేమిద్దరం అలా అరుచుకుంటూ ఉంటే బంద్ పుణ్యమా అని పనిలేని జనం మెట్ల మీద చేరారు. చివరికి నా నోరు మూయించడానికే అతను విసురుగా మూత తిప్పాడు. ట్యాంకు లోపలికి గాలి పీల్చుకుంది. చాలాసేపు నీళ్ళలో మునిగి పైకొచ్చిన మనిషి పీల్చినట్టు, పొడుగ్గా, గట్టిగా. పడవలో అందరం విన్నాం. నిమాయ్ ఇంకేదీ ముట్టుకోకుండా హ్యాండిల్ తిప్పాడు. ఇంజిను అందుకుంది.

అతను నా వైపు చూడలేదు. "నూనె కిందికి దిగితే పైన గాలి రావాలి," అని తనలో తను గొణుక్కున్నాడు. "గాలి రాకపోతే నూనె దిగదు. గాలి ఎక్కడినుంచి..." అంటూనే పలక కింద చెయ్యి పెట్టి తడిమాడు.

వంకర గొట్టం

ట్యాంకు గాలి పీల్చేది ఒక సన్నటి గొట్టంలోంచి. అది పలక పైకొచ్చి, వాన పడకుండా చేతికర్ర పిడిలా వంగి, మూతి కిందికి పెట్టుకుని ఉంటుంది. నిమాయ్ వేలు పెట్టాడు. పట్టకారుతో పట్టి లాగాడు. డీజిల్‌లో నానిన దూది వచ్చింది. చిన్న ఉండ. లాగేకొద్దీ సాగింది.

నిమాయ్ ముఖం ఎర్రబడింది. "ఎవడో పెట్టినాడు! పాలా కోసం! ఆ పక్క పడవ వాళ్ళే!" అని బెంగాలీలోకి దూకి, మెట్ల మీది జనం వైపు పానా ఎత్తాడు. ఇదివరకు తెడ్లిస్తామన్న వాళ్ళలో ఇద్దరు లేచి నిలబడ్డారు. కొట్లాట ఇంక చిటికెలో ఉంది.

నేను దూది చూస్తున్నాను. నల్లబడ్డ చోట్ల తప్ప మిగిలిందంతా పసుపు. డీజిల్ పసుపు కాదు, మన పసుపు. మా వైపు ఆ పసుపు దూదిని ఎక్కడ పెడతారో తెలిసినదాన్ని. వెనక్కి తిరిగి మా అత్తగారి ముఖం చూశాను.

"ఎవుల్నీ తిట్టకు నిమాయీ," అంది ఆవిడ. "నానే."

ఇంజిను నడుస్తూనే ఉంది. పైడితల్లి వెళ్ళి దాన్ని ఆపింది.

"ఆడ్ని ఈ పడవ మీదే కదా కాటికి తీసుకెళ్ళారు," అంది మా అత్తగారు. పప్పు సంగతి చెప్తున్నట్టు చెప్పింది. "నా గుంటడి ముక్కులో దూది పెట్టినారు. కాస్త నా సేతిలో మిగిలిపోనాది. ఇక్కడే కూకున్నాను. ఇది నా ఎదురుగా ఉంది, ముక్కులాగే ఉంది. ఆడు ఊపిరి ఇడిసినాక దీనికెందుకనిపించినాది. పెట్టీసినాను. పదోనాడు దాకా పడవ కదపరు కదా, పదోనాడు తీసీద్దావనుకున్నాను. తీడానికి సెయ్యి రానేదు."

"దీనివల్లే ఆగుతోందని నీకు తెలీదా అత్తా?" అన్నాను. ఎందుకడిగానో. అడగడం నా జబ్బు.

"తెలవదే." నీళ్ళ వంక చూసింది. "తెలిసినా తీసుండనేమో."

నిమాయ్ పానా కింద పెట్టి పలక మీద కూలబడ్డాడు. తువ్వాలు ముఖాన కప్పుకున్నాడు. మెట్ల మీద లేచిన ఇద్దరూ, తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు, ఏమర్థమైందో మళ్ళీ కూర్చున్నారు.

నెల రోజుల కూడు, ఘాట్ మీద పరువు, రేపటి పాలా, అన్నీ ఆ దూది ఉండలోనే ఇరుక్కున్నాయి కదా, పైడితల్లి ఇప్పుడేమంటుందోనని చూశాను. ఆమె అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని, ఆవిడ చేతి వేళ్ళకంటిన నూనె మరక చీర చెంగుతో తుడిచింది.

"నాకు సెప్పలేదేటత్తా," అంది. "సెప్తే నానూ ఇంత దూది పెట్టుందును కదా."

అప్పుడు ఏడ్చింది మా అత్తగారు. నిమాయ్ దూదిని గంగలో వెయ్యబోతే చెయ్యి చాచింది. ఇచ్చాడు. కొంగున ముడేసుకుంది.

ఆ ఒడ్డు

ఆదివారం ఎండ మండిపోయింది. కమిటీ సెక్రటరీ గొడుగేసుకుని పై మెట్టు మీద నిలబడ్డాడు. నిన్న సంగతి అతనికి ఎవరో చెప్పే ఉంటారు, మా అత్తగారిని చూసి గొడుగు కొంచెం దించి నమస్కారం పెట్టాడు. పడవ నిండా కూలీలు ఎక్కారు. తెడ్లిస్తామన్న వాళ్ళు కూడా బరువు కోసం తామే ఎక్కారు. నిమాయ్ హ్యాండిల్ దగ్గర. పైడితల్లి ఉతికిన టిక్కెట్ల సంచీ భుజాన వేసుకుని ముందు నిలబడింది. నేను ఓడిపోవడానికి సిద్ధమై, మా అత్తగారి పక్కన మెట్టు మీద కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఆ పూట నేను కూడా నడవాలనే కూర్చున్నాను.

పడవ కదిలింది. దడదడ. మా అత్తగారు కళ్ళు మూసుకుని చప్పుడు వింటూంది. ఆవిడకి చూపు ఆనదు, ఆ దూరం అసలే ఆనదు. ఏళ్ళ తరబడి ఆ చప్పుడుని బట్టే కొడుకు ఎక్కడిదాకా వచ్చాడో లెక్కగట్టి అన్నం వార్చేదట. నడి నీళ్ళు వచ్చాయి. పడవ ఆగలేదు. పోతూనే ఉంది, చిన్నదవుతూ. ఒక పెద్ద ఓడ అడ్డమొచ్చింది. చప్పుడు సన్నబడి సన్నబడి వినిపించకుండా పోయింది.

మా అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. "ఆగిపోనాదేటే?"

"లేదత్తా. దూరం పోయింది."

"ఆగిపోలేదు కదా?"

"లేదు. అవతలి ఒడ్డుకి చేరి ఉంటుంది."

"అయితే వస్తాది," అంది.

వచ్చింది. ముందు చప్పుడు, తర్వాత పడవ. ఒడ్డున జనం ఈలలేశారు. సెక్రటరీ గొడుగు ముడిచి ఏదో రాసుకున్నాడు. పాలా నిలిచింది. పైడితల్లి దూకి దిగి మా వైపు చెయ్యి ఊపింది. నెల తర్వాత ఆ మనిషి ముఖంలో పళ్ళు కనిపించడం అప్పుడే.

మా అత్తగారు లేచి రెండు మెట్లు దిగింది. పడవలోంచి ఒక్కొక్కరే దిగుతున్నారు. ప్రతి మనిషినీ దగ్గరికొచ్చేదాకా, ముఖం ఆనేదాకా చూసింది. తలపాగా వాళ్ళు, బుట్టల వాళ్ళు, తెడ్ల వాళ్ళు. అందరికన్నా చివర, ఇంజిను ఆపి, చేతులు తుడుచుకుంటూ, నిమాయ్ దిగాడు. అతన్ని కూడా దాటి పడవలోకి చూసింది. ఖాళీ పలకలు.

ఇంకొంచెంసేపు నిలబడింది. కొంగు ముడి ఒకసారి తడుముకుంది. తర్వాత నా వైపు తిరిగి, "నీ ఊరికి నాకూ ఒక టిక్కెట్టు తియ్యే," అంది. "ఈ సప్పుడు రోజూ నాను ఇనలేను."

అన్ని రోజులు వాదించి సాధించలేనిది అలా నా చేతికొచ్చింది. తీస్తానన్నాను. మెట్లెక్కడానికి చెయ్యి అందించాను. కింద నిమాయ్ మళ్ళీ హ్యాండిల్ తిప్పాడు, మధ్యాహ్నం పాలాకి.